అమెరికన్ గవర్నమెంట్ క్లెప్ పరీక్ష: మనవాళ్ళు ఎప్పుడూ అడిగే ప్రశ్నలు, నాకు తెలిసిన జవాబులు

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఈ పరీక్ష నేను ఒకసారి తప్పి రెండోసారి పాసయ్యాను, మా అమ్మాయి హైస్కూల్లో ఉండగానే మొదటిసారే పాసైపోయింది, ఆ సంగతి ఇంట్లో ఏ పండగొచ్చినా నాకు గుర్తు చేస్తూనే ఉంటుంది. అప్పట్నుంచి డల్లాస్ చుట్టుపక్కల తెలిసినవాళ్ళు, వాళ్ళ పిల్లలు, కొత్తగా కమ్యూనిటీ కాలేజీలో చేరిన చెల్లెళ్ళు ఫోన్ చేసి అడుగుతూనే ఉన్నారు, అందరికీ అదే మళ్ళీ మళ్ళీ చెప్పేకన్నా ఒకచోట రాసేస్తే పోతుంది కదా అని ఇది.

అసలు క్లెప్ అంటే ఏంటండీ?

శాట్ పెట్టే కాలేజ్ బోర్డ్ వాళ్ళదే ఇది కూడా, 1967 నుంచి ఉంది. కాలేజీలో ఒక సెమిస్టర్ కూర్చుని చదవాల్సిన కోర్సుని ఒక్క పరీక్ష రాసి దాటేయొచ్చు. 30కి పైగా సబ్జెక్టులున్నాయి, అందులో అమెరికన్ గవర్నమెంట్ ఒకటి. సుమారు 100 బిట్లు, 90 నిమిషాలు, అంతా కంప్యూటర్ మీదే. నెగటివ్ మార్కులు లేవు కాబట్టి తెలియనిది కూడా ఏదో ఒకటి పెట్టేసి రావాలి, ఖాళీ వదిలితే మీకే నష్టం.

50 వస్తే పాస్ అంటున్నారు, అంటే సగం కరెక్ట్ పెడితే చాలా?

కాదు, అందరూ పడే పొరపాటే ఇది. స్కోర్ 20 నుంచి 80 దాకా ఉంటుంది, మీరు కరెక్ట్ పెట్టినవాటిని వాళ్ళ లెక్కలో ఆ స్కేల్‌కి మారుస్తారు, 50 అంటే 50 శాతం కాదు. 50 వస్తే 3 క్రెడిట్లు ఇవ్వొచ్చని అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ సిఫార్సు. అది సిఫార్సే, కాలేజీ మీద ఆర్డర్ కాదు, కొన్ని ఇంకా ఎక్కువ అడుగుతాయి. నాకు మొదటిసారి 47 వచ్చింది. ఆ 3 పాయింట్ల కోసం ఎంత ఏడ్చానో, అప్పట్లో ఆ జుట్టు పీక్కోవడం చూసి మా ఆయన భోజనం కూడా తనే వండారు.

మా కాలేజీ ఈ క్రెడిట్ తీసుకుంటుందా?

పుస్తకం తెరిచే ముందు, డబ్బు కట్టే ముందు, కనుక్కోవాల్సింది ఇదొక్కటే. తీసుకునే కాలేజీలు దేశంలో రెండు వేలకి పైనే ఉన్నాయి గానీ ఎలా తీసుకుంటారన్నది ఎవరిది వాళ్ళదే. నేను అప్పుడు చదువుతున్న చోట అడ్వైజర్ "ఆ, తీసుకుంటాం" అన్నారు, నేను సంబరపడిపోయాను, తీరా పాసయ్యాక చూస్తే దాన్ని ఎలక్టివ్ కింద వేశారు, నాకు కావాల్సిన గవర్నమెంట్ కోర్సు అలాగే మిగిలిపోయింది. మళ్ళీ రిజిస్ట్రార్ దగ్గరికి తిరిగి, కేటలాగ్ పేజీ ప్రింట్ తీసి చూపించి, నెలన్నర పోరాడితే గానీ సరిచేయలేదు. కాబట్టి "తీసుకుంటారా" అని అడక్కండి. "ఎంత స్కోర్‌కి, ఏ కోర్సు నంబర్‌కి బదులుగా వేస్తారు" అని అడగండి, అదీ ఈమెయిల్లో, రాతపూర్వకంగా.

టెక్సాస్‌లో ఉన్నవాళ్ళకి ఇంకో మెలిక ఉంది. ఇక్కడ పబ్లిక్ కాలేజీలో డిగ్రీ కావాలంటే గవర్నమెంట్ సబ్జెక్టు 6 క్రెడిట్లు చట్టప్రకారం చెయ్యాలి, అందులో దేశ రాజ్యాంగంతోపాటు టెక్సాస్ రాజ్యాంగం కూడా ఉండాలి. క్లెప్‌లో టెక్సాస్ గురించి ఒక్క ముక్క ఉండదు. మామూలుగా 2305 అనే ఫెడరల్ కోర్సుకి క్లెప్ సరిపోతుంది, 2306 అనే టెక్సాస్ గవర్నమెంట్ మాత్రం విడిగా చేసుకోవాల్సిందే.

ఖర్చెంత?

పరీక్ష ఫీజు 90 డాలర్ల పైచిలుకు, ఏటా కొంచెం పెంచుతున్నారు, దానిమీద టెస్ట్ సెంటర్ వాళ్ళు తమ ఛార్జీ వేరే వేసుకుంటారు. ఒక సెమిస్టర్ కోర్సు ఫీజు, పుస్తకాలు, పార్కింగ్ పక్కన పెట్టి చూస్తే ఇదేం లెక్కలోకి రాదు. మోడర్న్ స్టేట్స్ అని ఒక సంస్థ ఉంది, వాళ్ళ ఆన్‌లైన్ కోర్సు ఉచితం, అది పూర్తిచేస్తే పరీక్ష ఫీజుకి వోచర్ ఇస్తారు. మా అమ్మాయి అలాగే రాసింది. వీడియోలు కొంచెం నిద్రొచ్చేలా ఉంటాయి, అయినా పరవాలేదు.

ఏపీ రాస్తే మంచిదా, క్లెప్ రాస్తే మంచిదా?

(ఏపీ అంటే ఇక్కడ అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు, దాని పరీక్ష; మా అత్తగారు చాలాకాలం మనవరాలు ఆంధ్రప్రదేశ్ మీద పరీక్ష రాస్తోందనుకుని తెగ మురిసిపోయారు.) ఏపీ ఏడాదికోసారి మేలో పెడతారు, బిట్లతోపాటు వ్యాసాలు కూడా రాయాలి, ఫెడరలిస్ట్ 10, బ్రూటస్ 1 లాంటి 9 మూల పత్రాలు చదివి తీరాలి. క్లెప్‌లో రాసే పని లేదు, ఏడాది పొడుగునా ఎప్పుడైనా రాయొచ్చు. బాగా పేరున్న యూనివర్సిటీలు చాలావాటికి క్లెప్ అంటే చిన్నచూపే, ఏపీ అయితే ఒప్పుకుంటాయి. పిల్లలు అలాంటిచోటికి అప్లై చేసే ఆలోచనలో ఉంటే ఏపీ, కమ్యూనిటీ కాలేజీ లేదా మామూలు స్టేట్ యూనివర్సిటీ అయితే క్లెప్. స్కూల్లో ఏపీ గవర్నమెంట్ చదివి మేలో సరిగ్గా రాయలేదనిపించిన పిల్లలు వేడివేడిగా జూన్‌లో క్లెప్ రాసేయడం మంచి ఎత్తు.

సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూకి చదివిన ప్రశ్నలు ఉన్నాయి, అవి సరిపోతాయా?

సరిపోవు. అక్కడ ప్రశ్నలు, జవాబులు ముందే ఇచ్చేస్తారు, ఆఫీసర్ నోటితో అడుగుతారు, మీరు ఒక్క ముక్కలో చెప్తారు. సెనేటర్లు ఎంతమంది అంటే 100, అయిపోయింది. క్లెప్‌లో సెనేటర్లు 100 మంది అని మీకు తెలుసనే అనుకుని, దాని తర్వాతది అడుగుతారు. చిన్న రాష్ట్రానికీ పెద్ద రాష్ట్రానికీ సమానంగా ఇద్దరేసి ఎందుకు పెట్టారు, దానివల్ల ఎవరికి లాభం, 60 ఓట్లు లేకపోతే ఫిలిబస్టర్ (సెనేట్‌లో బిల్లు ఓటింగ్‌కి రాకుండా చర్చతో సాగదీయడం) ఎందుకు ఆగదు, అలా.

ఇండియాలో గ్రూప్స్‌కి పాలిటీ చదివాను, నాకు ఈజీనే కదా?

నేనూ అదే అనుకున్నాను, అందుకే 47 వచ్చింది! అశోక్‌నగర్‌లో రెండేళ్ళు కోచింగ్ తీసుకున్నదాన్ని, ఆర్టికల్స్ ముక్కున పట్టినదాన్ని, నాకు ఫెడరలిజం ఎవరో కొత్తగా చెప్పాలా అనుకుని వారం చదివి వెళ్ళిపోయాను. తెలిసిన పాలిటీ సగం సాయం చేస్తుంది, సగం నిలువునా ముంచుతుంది, ఎందుకంటే మాటలు ఒకటే, అర్థాలు వేరు.

మన దగ్గర రాష్ట్రపతి పేరుకి, ప్రధాని పనికి. ఇక్కడ ప్రెసిడెంటే రెండూ. మన మంత్రి ఆరు నెలల్లోపు ఎంపీ అయి తీరాలి, ఇక్కడ కాంగ్రెస్ (అంటే ఇక్కడి పార్లమెంటు, హౌస్, సెనేట్ అని రెండు సభలు) మెంబర్‌ని కేబినెట్‌లోకి తీసుకుంటే ఆ సీటు వదిలేసి రావాలి, రెండు పడవల మీద కాళ్ళు కుదరదు. అవిశ్వాస తీర్మానం అనే మాటే లేదు. సభని రద్దు చేయడమూ లేదు, ప్రెసిడెంట్ ఎంత కోపమొచ్చినా హౌస్‌ని ఇంటికి పంపలేడు, నేను పరీక్షలో సరిగ్గా అలాంటి బిట్టుకే "రద్దు చేస్తాడు" పెట్టొచ్చాను.

రాజ్యసభ, సెనేట్ ఒకటే అనుకోకండి. రాజ్యసభలో జనాభాని బట్టి సీట్లు, ఆంధ్రప్రదేశ్‌కి 11, తెలంగాణకి 7, ఉత్తరప్రదేశ్‌కి 31. సెనేట్‌లో కాలిఫోర్నియాకీ ఇద్దరే, వయోమింగ్‌కీ ఇద్దరే. రాజ్యసభ మనీ బిల్లుని 14 రోజులు దగ్గర పెట్టుకోవడం తప్ప ఏం చేయలేదు, ఇక్కడ పన్నుల బిల్లు హౌస్‌లో మొదలవ్వాలి అంతే, తర్వాత సెనేట్ దాన్ని ఇష్టమొచ్చినట్టు సవరిస్తుంది, ఆపేస్తుంది కూడా. గవర్నర్‌ని మన దగ్గర ఢిల్లీ నుంచి పంపుతారు, ఇక్కడ జనం ఎన్నుకుంటారు, కాబట్టి మన ముఖ్యమంత్రి అనుకుంటే దగ్గరగా ఉంటుంది. ఎవరికీ రాసివ్వని అధికారాలు మన దగ్గర కేంద్రానివి, ఇక్కడ పదో అమెండ్‌మెంట్ ప్రకారం రాష్ట్రాలవి, జనానివి.

అన్నిటికన్నా నన్ను తికమక పెట్టింది పార్టీ సంగతి. మనకి 1985లో ఫిరాయింపుల చట్టం వచ్చాక విప్ దాటితే సభ్యత్వమే పోతుంది, ఇక్కడ అలాంటిదేం లేదు, సొంత పార్టీ ప్రెసిడెంట్ బిల్లుకి వ్యతిరేకంగా ఓటేసి మర్నాడు నవ్వుతూ సభకొస్తారు. టికెట్ హైకమాండ్ ఇవ్వదు మరి, ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచే ముందస్తు ఎన్నికలో, ఓటర్లే తేలుస్తారు. ఈ ఒక్క ముక్క బుర్రకెక్కితే ప్రెసిడెంట్ అంత బలవంతుడై ఉండి కూడా కాంగ్రెస్‌ని ఎందుకు బతిమాలుకుంటాడో, కమిటీ ఛైర్మన్లకి అంత విలువ ఎందుకో, లాబీయిస్టులు పార్టీ ఆఫీసుకి కాకుండా ఒక్కో సభ్యుడి గది చుట్టూ ఎందుకు తిరుగుతారో, అన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

ఏ చాప్టర్లో ఎక్కువ బిట్లు వస్తాయి?

కాంగ్రెస్, ప్రెసిడెంట్, బ్యూరోక్రసీ, పాలసీ కలిపి 30 నుంచి 35 శాతం. మిగతా నాలుగు, అంటే రాజ్యాంగ పునాదులు, కోర్టులు-హక్కులు, పార్టీలు-ఇంటరెస్ట్ గ్రూపులు-మీడియా-ఎన్నికలు, జనం రాజకీయ అభిప్రాయాలు, ఒక్కోటి 15 నుంచి 20. మనవాళ్ళు రాజ్యాంగం దగ్గరే కూర్చుండిపోతారు, 1787 ఫిలడెల్ఫియా, షేస్ తిరుగుబాటు, గ్రేట్ కాంప్రమైజ్ అని కథలా బాగుంటుంది కాబట్టి. బ్యూరోక్రసీ ఎవరికీ నచ్చదు, అక్కడే మార్కులు పోతాయి. ఐరన్ ట్రయాంగిల్ అంటే ఏంటో (కాంగ్రెస్ కమిటీ, ప్రభుత్వ ఏజెన్సీ, ఆ రంగం ఇంటరెస్ట్ గ్రూప్, ముగ్గురూ ఒకరికొకరు చేసిపెట్టుకోవడం), 1883 పెండిల్టన్ చట్టం ఉద్యోగాల్లో పార్టీ సిఫార్సుల్ని ఎలా తగ్గించిందో, కేటగారికల్ గ్రాంటుకీ బ్లాక్ గ్రాంటుకీ తేడా ఏంటో చూస్కోండి. ఆ చివరిది మనకి తేలికే, ఫలానా పనికే ఖర్చుపెట్టాలని షరతు పెట్టి కేంద్రం డబ్బిచ్చే స్కీముల్లాంటివి మొదటి రకం, "ఈ రంగంలో మీ ఇష్టం" అని ఇచ్చేది రెండో రకం.

కోర్టు కేసులు ఎన్ని గుర్తుపెట్టుకోవాలి?

ఒక పాతిక చాలు, కానీ పేరూ సంవత్సరం బట్టీ పట్టి లాభం లేదు, ఆ కేసు వల్ల ఎవరి అధికారం పెరిగింది, ఎవరిది తగ్గింది అన్నది కావాలి.

మార్బరీ వర్సెస్ మాడిసన్, 1803, తీస్కోండి. ప్రెసిడెంట్ ఆడమ్స్ ఓడిపోయి దిగిపోతూ చివరి రోజుల్లో తనవాళ్ళకి చిన్న జడ్జి పోస్టులు రాసిచ్చాడు. ఆ కాగితాలు అందజేయాల్సింది అప్పటి సెక్రటరీ ఆఫ్ స్టేట్ జాన్ మార్షల్, హడావుడిలో కొన్ని టేబుల్ మీదే ఉండిపోయాయి. కొత్త ప్రెసిడెంట్ జెఫర్సన్ వచ్చి వాటిని ఇవ్వొద్దన్నాడు. కాగితం అందని మార్బరీ నేరుగా సుప్రీంకోర్టుకెళ్ళాడు. తీరా అక్కడ చీఫ్ జస్టిస్ సీట్లో ఎవరున్నారు? ఆ కాగితాలు అందజేయని మార్షలే! ఇవ్వమని ఆర్డరేస్తే జెఫర్సన్ పట్టించుకోడు, కోర్టు పరువు పోతుంది. ఇవ్వక్కర్లేదంటే భయపడ్డారంటారు. ఆయన ఏమన్నాడంటే, నీకు హక్కుంది నాయనా, కానీ నువ్వు నేరుగా మా దగ్గరికి రావొచ్చని చెప్పిన 1789 చట్టంలోని సెక్షన్ రాజ్యాంగానికి విరుద్ధం, కాబట్టి అది చెల్లదు, కాబట్టి మేం ఆర్డర్ వేయలేం. చిన్న అధికారం వద్దని వదులుకుని, కాంగ్రెస్ చేసిన చట్టాన్నే కొట్టేసే పెద్ద అధికారం చేతిలోకి తీసుకున్నాడు. రాజ్యాంగంలో ఆ జుడీషియల్ రివ్యూ అనే మాట ఎక్కడా రాసి లేదు, మనకైతే 13వ ఆర్టికల్ ఉంది. కథ ఇలా తెలిస్తే బిట్టు ఎటుతిప్పి అడిగినా పోదు.

మిగతావి గుంపులుగా చదవండి. రాష్ట్రం-కేంద్రం గొడవ అంటే మెకల్లక్ వర్సెస్ మేరీలాండ్ 1819, గిబ్బన్స్ వర్సెస్ ఆగ్డెన్ 1824, కేంద్రానికి బ్రేక్ పడింది లోపెజ్ 1995. నిందితుల హక్కులకి మ్యాప్ 1961, గిడియన్ 1963, మిరాండా 1966. స్కూళ్ళలో వేర్పాటు, ప్లెసీ 1896ని కొట్టేసింది బ్రౌన్ 1954. ఎన్నికల డబ్బుకి బక్లీ 1976, సిటిజన్స్ యునైటెడ్ 2010. పాత పుస్తకాల్లో రో వర్సెస్ వేడ్ (గర్భస్రావం రాజ్యాంగ హక్కన్న తీర్పు) ఇంకా నడుస్తున్నట్టే ఉంటుంది, 2022లో డాబ్స్ తీర్పుతో అది పోయింది, సెకండ్‌హ్యాండ్ పుస్తకం కొన్నవాళ్ళు చూస్కోండి.

ఇంకోటి మనసుకి దగ్గరది, ఐఎన్ఎస్ (అప్పటి ఇమిగ్రేషన్ శాఖ) వర్సెస్ చద్దా, 1983. జగదీశ్ రాయ్ చద్దా కెన్యాలో పుట్టిన భారతీయ మూలాలున్నవాడు, స్టూడెంట్ వీసా మీద వచ్చి గడువు దాటిపోయింది, డిపోర్టేషన్ ఆపుతూ ఇమిగ్రేషన్ జడ్జి తీర్పిస్తే హౌస్ ఒక్కటే తీర్మానం చేసి దాన్ని రద్దు చేసింది. అలా ఒక్క సభ, ప్రెసిడెంట్ సంతకం లేకుండా, ఏజెన్సీ నిర్ణయాన్ని కొట్టేయడం కుదరదని సుప్రీంకోర్టు తేల్చింది. లెజిస్లేటివ్ వీటో అంటే అదే. వీసా కష్టాలు తెలిసిన మనకి ఈ కేసు మర్చిపోవడం కష్టం.

27 అమెండ్‌మెంట్లూ నేర్చుకోవాలా?

మొదటి పది, అంటే 1791లో వచ్చిన బిల్ ఆఫ్ రైట్స్, పూర్తిగా. తర్వాత 14, అది అన్నిటికీ తల్లివేరు, ఎందుకంటే బిల్ ఆఫ్ రైట్స్ మొదట్లో కేంద్రాన్ని మాత్రమే కట్టడి చేసేది, రాష్ట్రాలకి కూడా ఒక్కొక్కటిగా వర్తింపజేసింది ఈ 14వ అమెండ్‌మెంట్ ద్వారానే, దాన్నే సెలెక్టివ్ ఇన్‌కార్పొరేషన్ అంటారు, ఇది రాకుండా పరీక్ష ఉండదనుకోండి. ఓటు హక్కువి వరసగా 15, 19, 24, 26. సెనేటర్లని జనమే ఎన్నుకోవడం 17, ప్రెసిడెంట్‌కి రెండు టర్మ్‌లే 22, ప్రెసిడెంట్ మధ్యలో పోతే ఆ సీట్లోకి ఎవరన్నది 25. మద్యం ఆపిన 18, మళ్ళీ తెచ్చిన 21 ఎలాగూ ఎవరూ మర్చిపోరు.

ఇక్కడ పుట్టనివాళ్ళు ప్రెసిడెంట్ కాలేరంటారు, గవర్నర్ అవ్వొచ్చా?

అవ్వొచ్చు. ప్రెసిడెంట్, వైస్ ప్రెసిడెంట్‌లకి మాత్రమే పుట్టుకతో పౌరులై ఉండాలన్న రూలు. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ గారు 2023లో మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యారు. హౌస్‌కి 25 ఏళ్ళ వయసు, 7 ఏళ్ళ పౌరసత్వం, సెనేట్‌కి 30, 9.

రాజకీయ అభిప్రాయాల చాప్టర్ చదవడానికి ఏముంది, అంతా కామన్‌సెన్సే కదా?

ఇక్కడి కామన్‌సెన్స్, మన కామన్‌సెన్స్ కాదు. అభిప్రాయాలకి మొదటి బడి ఇల్లే అన్నది ఇద్దరికీ ఒకటే. కానీ మన ఊళ్ళలో పేదవాళ్ళు పొద్దున్నే క్యూ కడితే బాగా చదువుకున్నవాళ్ళు సెలవని పడుకుంటారన్న అలవాటైన లెక్క ఇక్కడ తిరగబడుతుంది. ఇక్కడ చదువు, ఆదాయం, వయసు పెరిగేకొద్దీ ఓటేసే అవకాశం పెరుగుతుంది. చాలా రాష్ట్రాల్లో ముందుగా రిజిస్టర్ చేసుకోవాలి, ఎన్నికలు మంగళవారం, చాలాచోట్ల సెలవుండదు. చిన్న టేబుల్ ఇచ్చి దాన్నుంచి ఏం తెలుస్తోందని అడుగుతారు, అప్పుడు మీకు తెలిసింది పక్కన పెట్టి టేబుల్లో ఉన్నదే చూడండి.

రెండు పార్టీలే ఎందుకు?

ఒక నియోజకవర్గానికి ఒకే సీటు, ఎక్కువ ఓట్లొచ్చినవాడిదే గెలుపు, పరీక్షకి ఈ జవాబు చాలు. మన దగ్గరా అదే పద్ధతి కదా, మరి ఇన్ని పార్టీలేంటి అని మా అమ్మాయి అడిగింది. రాష్ట్రానికో పార్టీ బలంగా ఉంటుంది కాబట్టి అన్నాను, తనకి నచ్చలేదు.

ఎన్నాళ్ళు చదవాలి?

ఉద్యోగం, పిల్లలు ఉన్నవాళ్ళకి రోజుకి గంట చొప్పున ఆరు వారాలు, ఏపీ చదివిన పిల్లలకి పది రోజులు. నేను రెండోసారి చేసిందేంటంటే, మొదట రాజ్యాంగం మూలం చదివాను, సవరణలతో కలిపి ఒక మధ్యాహ్నం పని, ఎవరూ చదవరు గానీ. తర్వాత ఒక పెద్ద చార్టు తీసుకుని మూడు గళ్ళు గీసి, కాంగ్రెస్, ప్రెసిడెంట్, కోర్టు అని రాసి, ఎవరు ఎవర్ని ఎలా ఆపగలరో బాణాలు వేశాను. వీటో ఒక బాణం, మూడింట రెండొంతుల ఓట్లతో దాన్ని దాటడం ఎదురు బాణం, జడ్జిల నియామకం ఒకటి, సెనేట్ ఒప్పుకోవడం ఇంకోటి, హౌస్ ఇంపీచ్ చేయడం, సెనేట్ విచారించడం... ఆ చార్టు ఫ్రిజ్ తలుపు మీద అంటించాను, పెరుగు గిన్నె కోసం తలుపు తీసినప్పుడల్లా ఒక బాణం చదివేదాన్ని. ఆఖరి వారం ప్రాక్టీస్ టెస్టులు, గడియారం పెట్టుకుని. కాలేజ్ బోర్డ్ వాళ్ళ అఫీషియల్ గైడ్‌లో బిట్లే అసలు పరీక్షకి దగ్గరగా ఉంటాయి.

పరీక్ష రోజు ఏం జాగ్రత్తలు?

పాస్‌పోర్టులో, రిజిస్ట్రేషన్‌లో పేరు ఒకేలా ఉండాలి, ఇంటిపేరు ముందా వెనకా అనే మన గోల ఇక్కడ కూడా వెంటాడుతుంది, ముందే చూస్కోండి. ఒక్కో బిట్టుకి నిమిషం కూడా లేదు, అర్థం కానిది గుర్తు పెట్టి దాటిపోండి. "తప్ప" అని అడిగే బిట్లు ఉంటాయి, కిందివాటిలో ఒకటి తప్ప అన్నీ కరెక్ట్ అని, కంగారులో ఆ మాట కనపడదు. అయిపోగానే స్కోర్ స్క్రీన్ మీదే వచ్చేస్తుంది, దానికి ముందు క్యాన్సిల్ చేస్తారా అని అడుగుతుంది, చెయ్యకండి, పాసయ్యి కూడా భయంతో నొక్కేసినవాళ్ళున్నారు.

తప్పితే?

మూడు నెలలు ఆగి మళ్ళీ రాయాలి. చాలా కాలేజీల్లో దీనికి గ్రేడ్ ఉండదు, క్రెడిట్ మాత్రమే, కాబట్టి జీపీఏ మీద పడదు.

ఎఫ్-1 మీద ఉన్నవాళ్ళు రాయొచ్చా?

రాయొచ్చు. కానీ డిగ్రీ చేసేవాళ్ళకి సెమిస్టర్‌కి ఉండాల్సిన 12 క్రెడిట్ల ఫుల్‌టైమ్ లెక్కలోకి ఇది రాదు. క్లెప్ ఉంది కదా అని ఒక కోర్సు డ్రాప్ చేసి 9కి దిగితే స్టేటస్‌కే ఎసరు. ఏం చేసినా ముందు డీఎస్ఓని (కాలేజీలో విదేశీ విద్యార్థుల వీసా సంగతులు చూసే ఆఫీసర్‌ని) అడిగి చెయ్యండి.

పాసయ్యాను, ఇక అయిపోయినట్టేనా?

రిజిస్టర్ చేసేటప్పుడే మీ కాలేజీ పేరు ఇస్తే స్కోర్ వాళ్ళకి ఉచితంగా వెళ్తుంది, తర్వాత పంపించాలంటే డబ్బు కట్టాలి. రెండు మూడు వారాలాగి ట్రాన్‌స్క్రిప్ట్ తెరిచి చూడండి, 3 క్రెడిట్లు పడ్డాయా, సరైన కోర్సు నంబర్ పక్కన పడ్డాయా అని. లేకపోతే ఆ పాత ఈమెయిల్ తీసి రిజిస్ట్రార్‌కి పంపండి. దాచారు కదా?